మావుసిని ఒక మాట అడుగమ్మా

హెల్సింకి
2026 ఫిబ్రవరి 8, ఆదివారం

అమ్మా,

నీకు, నాన్నకు నమస్కారాలు. నేను బాగున్నాను. ఇక్కడ చలి గట్టిగానే ఉంది, ఒడ్డున సముద్రం గడ్డకట్టింది. కానీ ఇల్లు వెచ్చగా ఉంటుంది, నువ్వు టెన్షన్ పడకు. ఫోన్‌లో చెప్పకుండా ఈ ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్‌లో అయితే నువ్వు "తిన్నావా?" అంటావు, నేను "ఆ, తిన్నాను" అంటాను, ఈలోపు కుక్కర్ కూత వేస్తుంది, అయిపోతుంది. నిన్ను ఒకటి అడగాలి. అడిగే ముందు చాలా చెప్పాలి. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చుని నిదానంగా చదువు.

నిన్న ఛెనాపోడ కుదిరిందమ్మా, ఛెనాని, అంటే విరిచిన పాల ముద్దని, కాల్చి చేసే మన ఒడిశా మిఠాయి. పదిహేడోసారికి. అడుగు తిప్పి చూస్తే మన పక్కింటి ఒడియా పిన్ని, మావుసి, చేసినదానిలాగే కాఫీ గింజ రంగు, లోపల మీగడ రంగు. ఓవెన్ తలుపు తీయగానే మన పెరటి గోడ గుర్తొచ్చింది. గోడకి అవతల మావుసి ఇటుకల పొయ్యి మీద దళసరి గిన్నె పెట్టి, కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు పోసి, సాయంత్రం మొదలుపెడితే రాత్రి అన్నాలయ్యేదాకా మూత తీసేది కాదు. సాల్ ఆకులు కాలే వాసన రాగానే నేనూ తమ్ముడూ గోడెక్కేవాళ్ళం. "ఏబే నుహే, ఏబే నుహే" అని ఆవిడ మమ్మల్ని దింపేది. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు. నాకు వచ్చిన మొదటి ఒడియా మాట బహుశా అదే.

ఆవిడ నీకు ఛెనాపోడ నేర్పింది, నువ్వు ఆవిడకి పూర్ణం బూరెలు నేర్పావు. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. గోడకి ఇటొకరు, అటొకరు నిలబడి చెప్పుకున్నారు. అక్కడే నేను ఇక్కడ ఇరుక్కుపోయాను. నువ్వు ఫోన్‌లో "ఛెనా చేతికి తెలుస్తుందే" అన్నావు. నా చేతికి తెలియలేదు.

మొదటి నాలుగుసార్లు ఏం తప్పు జరిగిందో కూడా అర్థం కాలేదు, ఏదీ రాసుకోలేదు మరి. ఒకసారి రబ్బరులా సాగింది, ఒకసారి ఇసుకలా రాలింది. ఐదోసారి నుంచి, ల్యాబ్‌లో నీటి నమూనాలు తూచినట్టే, ప్రతిదీ తూచి రాయడం మొదలుపెట్టాను. అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. ఇక్కడి పాలు హోమోజనైజ్ చేసి అమ్ముతారు. అంటే కొవ్వుని సన్నటి బొట్లుగా చేసి పాలలోనే కలిపేస్తారు. అందుకే మీగడ కట్టదు, విరిగినప్పుడు ఛెనాకి పట్టు తక్కువ. మరుగుతున్న పాలలో నిమ్మరసం పోస్తే ఛెనా బిరుసుగా వస్తుంది. పొయ్యి ఆపి, వేడి 80 డిగ్రీలకి దిగాక పోస్తే మెత్తగా విరుగుతుంది. ఇది కనిపెట్టిన రోజు నాకు నువ్వే గుర్తొచ్చావు. పాలు దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నాన్నకి మంచినీళ్ళిచ్చి వచ్చి, అప్పుడు నిమ్మకాయ పిండేదానివి. ఆ మంచినీళ్ళు ఇచ్చి రావడంలోనే 80 డిగ్రీలు ఉన్నాయి. నీకు తెలుసు, కానీ తెలుసని నీకు తెలియదు.

ప్రస్తుతానికి నా లెక్క ఇది: రెండు లీటర్ల పాలకు 340 గ్రాముల ఛెనా, 110 గ్రాముల పంచదార, 25 గ్రాముల బొంబాయి రవ్వ, రెండు చెంచాల నెయ్యి, ఆరు యాలకులు. సాల్ ఆకులు ఇక్కడ దొరకవు. హకానియెమి అనే పేటలో ఆసియా వాళ్ళ కొట్లున్నాయి, అక్కడ గడ్డకట్టించిన అరిటాకులు తెచ్చి గిన్నెకి పరుస్తున్నాను. వాసన వేరు, కానీ ఆకు ఆకే.

ఇదంతా నేను పుస్తకంలో రాయడం లేదు. గిట్ అనే దానిలో రాస్తున్నాను. నువ్వు విసుక్కోకుండా విను, నా సాయంత్రాల్లో సగం దీనితోనే గడుస్తాయి. గిట్ అంటే రాసినదాని ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్. ఎనిమిదోసారి రవ్వ ఎంత వేశాను, పదోసారి ఎందుకు తగ్గించాను, ఎవరు చెబితే తగ్గించాను, అన్నీ తేదీలతో ఉంటాయి. పాతదానికి వెనక్కి వెళ్ళొచ్చు. ఇంకొకరు నా కాపీ తీసుకుని తమకి నచ్చినట్టు మార్చుకోవచ్చు, ఆ మార్పు బాగుంటే నేను నా దానిలో కలుపుకోవచ్చు. దీన్ని 2005లో లీనస్ టోర్వాల్డ్స్ రాశాడు. ఆయన ఈ ఊరివాడే. నేను ఆదివారాలు ట్రామ్‌లో దాటే హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. 1991 ఆగస్టు 25న, 21 ఏళ్ళప్పుడు, "నేను కంప్యూటర్ నడిపే వ్యవస్థ ఒకటి రాస్తున్నాను, ఇది ఊరికే సరదా పని, పెద్దదేమీ కాదు, మీకేం కావాలో చెప్పండి" అని తోటివాళ్ళకి రాశాడు. అదే లైనక్స్ అయింది. నీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ కింద నడిచేది అదే. ప్రపంచంలో అతి వేగంగా పనిచేసే 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ఉన్నవన్నీ దానితోనే నడుస్తున్నాయి.

నాకు నచ్చేది ఆ గొప్పతనం కాదు. 1992లో ఆయన దాన్ని జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఇచ్చేశాడు. ఆ లైసెన్స్ అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ రాసింది. దాని సంగతి నీ మాటల్లో చెబుతాను. మిఠాయి కొట్టువాడు పెట్టె ఇస్తాడు, ఎలా చేశాడో చెప్పడు. తినగలం, చేసుకోలేం, తీపి ఎక్కువైతే తగ్గించుకోలేం. మావుసి అలా కాదు, పెట్టెతో పాటు పొయ్యి దగ్గరికి పిలిచింది. జీపీఎల్ మావుసి పద్ధతి. వాడుకో, లోపల ఎలా ఉందో చూడు, మార్చుకో, నలుగురికీ ఇవ్వు. ఒక్కటే షరతు, నువ్వు మార్చింది ఇంకొకరికి ఇస్తే దాని తయారీని కూడా అలాగే ఇవ్వాలి, దాచకూడదు.

నేను ప్రోగ్రాములు రాయగలిగేదాన్ని కాదు. ఇలా అందరికీ ఇచ్చేసిన ప్రోగ్రాముల మెనూల్లో తెలుగు మాటలు సరిచూస్తాను. ఎక్కడో ఎవరో "ఎక్స్‌పోర్ట్" అన్నదాన్ని "ఎగుమతి" అని పెట్టి ఉంటారు. మన ఊళ్ళో ఎగుమతి అంటే లారీ గుర్తొస్తుంది గానీ ఫొటో గుర్తురాదు. "వేరే రకంగా దాచు" అని మార్చి పంపుతాను. ఒప్పుకుంటే ఆనందం, ఒప్పుకోకపోతే కారణం చెబుతారు, అదీ ఆనందమే. పర్లాకిమిడిలో పుట్టినదాన్ని, జనం మాట్లాడే తెలుగు కోసం ఈమాత్రం వాదించకపోతే ఎలా? గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళో రాజావారి బడిలో 1880లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, చివరికి అందరి తెలుగునీ మార్చేశారు కదా. మా చిన్నప్పుడు నాన్న మాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో. 1936లో మన ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు పంతులుగారు రాజమండ్రి వెళ్ళిపోయారని చెప్పేటప్పుడు నాన్న గొంతు మారిపోయేది.

సరే, ఛెనాపోడకి వస్తాను. పదమూడోసారి రాసింది నేను నలుగురికీ కనిపించేలా పెట్టాను. వారం తిరక్కుండా పోలెండ్ నుంచి ఒకావిడ రెండు మార్పులు పంపింది. ఆవిడ ఎప్పుడూ ఒడిశా చూడలేదు, ఛెనా అనే మాట వినలేదు. వాళ్ళు కూడా విరిగిన పాల ముద్దతో కేకు చేస్తారట, సెర్నిక్ అంటారు. ఒకటి, నువ్వు నీరు మరీ గట్టిగా పిండేస్తున్నావు, తడి ఉండనివ్వు అంది. రెండు, కాలాక బయటికి తీయకు, ఓవెన్ ఆపి తలుపు మూసి లోపలే చల్లారనివ్వు, తీస్తే పగులుతుంది అంది.

అది చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయానమ్మా. ఛెనాపోడ ఎలా పుట్టిందో మావుసి చెప్పేది గుర్తుందా? నయాగఢ్ వైపు దసపల్లాలో ఒక మిఠాయి కొట్టాయన మిగిలిపోయిన ఛెనాలో పంచదార కలిపి, ఇంకా వేడి ఉన్న పొయ్యిలో రాత్రి వదిలేస్తే, పొద్దున చూసేసరికి ఇది తయారై ఉందట. రాత్రంతా లోపలే వదిలేయడం ఆ కథలోనే ఉంది. పుట్టినప్పటి నుంచి వింటున్న నాకు తట్టలేదు, పోలెండ్ ఆవిడ చెప్పింది. నిన్న కుదిరింది ఆ రెండు మార్పులతోనే. 180 డిగ్రీల మీద 50 నిమిషాలు, ఆపైన పొద్దుటిదాకా తలుపు మూసి. పదిహేడోసారి పక్కన ఆవిడ పేరు రాశాను.

ఇలాంటిదే ఇంకొకటి. మా ల్యాబ్‌లో ఉత్తరాది నుంచి వచ్చినామె ఉంది. వాళ్ళమ్మగారికి ఆవులున్నాయి. ఒకసారి ఇంటికెళ్ళి వస్తూ సీసా తెచ్చింది, తెర్నిమైతో అంది. చూస్తే జున్నుపాలు! వీళ్ళు అందులో కాస్త ఉప్పు వేసి ఓవెన్‌లో పెడతారు, గట్టిపడి పైన మచ్చలు మచ్చలుగా కాలుతుంది. ఊనియూస్టో అంటారు. నేను సగం తీసుకుని బెల్లం, మిరియాలు, యాలకులు వేసి నీలాగే ఆవిరి మీద వండాను. ఆమె తిని వెంటనే వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. వాళ్ళమ్మగారికి ఇంగ్లీషు రాదు, నాకు ఫిన్నిష్ అంతంత మాత్రం. అయినా మిరియాలు ఎన్ని అనే దగ్గర పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఈస్టర్‌కి వీళ్ళు మామ్మి అని నల్లటిది ఒకటి చేస్తారు, రై అనే ధాన్యం పిండి, మొలకెత్తించి ఎండబెట్టిన రై పిండి కలిపి. మొలక పిండిలోని గుణం వల్ల అది తనంత తానే తియ్యబడుతుంది. పూర్వం దాన్ని బర్చ్ చెట్టు బెరడు బుట్టల్లో కాల్చేవాళ్ళట. మనకి సాల్ ఆకు, వీళ్ళకి చెట్టు బెరడు. ఈసారి చోళ్ళు మొలకెత్తించి చేసి చూస్తాను, కుదిరితే రాస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మమ్మ తాటిరొట్టె గుర్తుందా? భాద్రపదంలో పండిన తాటిపండు పిసికి, బియ్యపు రవ్వ, బెల్లం కలిపి, పైనా కిందా నిప్పులు పెట్టి చేసేది. అమ్మమ్మ పోయాక నువ్వు మూడేళ్ళు ప్రయత్నించావు. ప్రతిసారీ చివర్లో నాలిక మీద చేదు. గుజ్జు గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీశావు, చేదు నీరు కారింది గానీ పూర్తిగా పోలేదు. అమ్మమ్మ ఇంకేదో చేసేది. ఏం చేసేదో మనలో ఒక్కరమూ అడగలేదు. ఆవిడ దాచిన మనిషి కాదు, అడిగితే వంద మందికి చెప్పేది. మూడో ఏడు నువ్వు ఆ రొట్టె తీసుకెళ్ళి ఆవుకి పెట్టి, మళ్ళీ ఎప్పుడూ తాటిపండు కొననివ్వలేదు. నువ్వు ఆ రోజు ఏడ్చావు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, నీకు తెలియదు.

అందుకే అడుగుతున్నాను. మావుసి ఛెనాపోడ, తను రజొ పండగకి కాల్చి చేసే పోడపిఠా, నీ బూరెలు, నీ జున్ను, ఈ నాలుగూ రాసి అందరికీ ఇచ్చెయ్యాలని ఉంది. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో. నేను నేర్చుకున్నది మీ ఇద్దరి దగ్గర, కాబట్టి మీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. ఇప్పటిదాకా పెట్టినదానిలో నా కొలతలే ఉన్నాయి, మావుసి పద్ధతి ఏదీ రాయలేదు.

మావుసిని అడిగేటప్పుడు అంతా విడమరిచి చెప్పాలి. ఆవిడ పండగలకి ఆర్డర్లు తీసుకుంటుంది, అది ఆవిడ సంపాదన. నేను పెట్టాలనుకునే లైసెన్స్ క్రియేటివ్ కామన్స్ వాళ్ళది, వికీపీడియా వాడేది. దాని ప్రకారం ఎవరు తీసుకున్నా ఆవిడ పేరు చెప్పాలి, మార్చి నలుగురికీ పంచితే అదే షరతు మీద పంచాలి. కానీ దాన్ని చూసి చేసి అమ్ముకోవచ్చు కూడా. పాతపట్నంలో ఎవరైనా అది చూసి ఏటికవతల కొట్టు పెట్టినా కాదనలేం. పైగా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఈ రెండూ దాచకుండా చెప్పు. నామీద ప్రేమతో "సరే" అనేస్తుందేమో, అలా వద్దు. కొడుకుతో, కోడలితో మాట్లాడుకుని చెప్పమను. కాదంటే నా కాపీ నా దగ్గరే ఉంటుంది, నేను ఇంట్లో చేసుకుంటాను, ఆవిడ మీద నాకు ఏ లోటూ ఉండదు. పేరు వద్దు, పద్ధతి మాత్రం పెట్టుకో అంటే అలాగే చేస్తాను.

నాన్నకి ఒక మాట. మన ప్రెస్సు కొట్లో ఉన్న పాత కంప్యూటర్‌ని తమ్ముడు అమ్మేద్దాం అంటున్నాడట, అప్‌డేట్లు రావడం లేదని. అమ్మొద్దు. అది 64 బిట్ యంత్రం, 4 జీబీ మెమరీ ఉంది, చాలు. డెబియన్ అనే లైనక్స్ వేసిన పెన్‌డ్రైవ్ పంపుతున్నాను, తమ్ముడికి ఫోన్‌లో చెబుతూ వేయిస్తాను. డబ్బు ఏమీ కట్టక్కర్లేదు. ముందు ఫైళ్ళన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయమను, అది కాకుండా దేన్నీ ముట్టుకోవద్దు. నాన్నకి ఉండే భయం నాకు తెలుసు, శుభలేఖలు. పాత ఫాంట్లతో కొట్టినవి అలాగే తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందులో అక్షరం ఉన్నచోట నిజంగా ఉన్నది ఇంగ్లీషు గుర్తే, ఫాంట్ దానికి తెలుగు ముసుగు వేస్తుంది. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత గుర్తు ఉండే పద్ధతిలోకి, మార్చాలి. మారుస్తాను, వారానికి కొన్ని చొప్పున. ఇప్పుడు తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. అదీ ఓపెన్ సోర్సే, అంటే లోపలి తయారీ అందరికీ తెరిచి ఇచ్చిందే. "స్త్రీ" లాంటి అక్షరం తెర మీద విడిపోకుండా నిలబడుతుందంటే దాని చలవే. శుభలేఖలకి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ బాగుంటుంది.

ఇంకా ఒకటి చెబుతాను, నాన్న దగ్గర గట్టిగా చదువు. గిడుగు పంతులుగారి పేరు మీదే ఒక తెలుగు ఫాంట్ ఉంది. పేరు "గిడుగు". అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదల చేశారు, శీర్షికలకీ శుభలేఖలకీ పనికొచ్చేలా. పర్లాకిమిడి ప్రెస్సులో పర్లాకిమిడి పంతులుగారి అక్షరాలతో పెళ్ళి కార్డు వేయడం నాన్నకి ఎంత ఇష్టంగా ఉంటుందో నేను ఇక్కడి నుంచే చూడగలను. పంతులుగారు సవరల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు కదా, 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి చేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దానికీ ఉచితంగా దొరికే ఫాంట్ ఉంది, గూగుల్ వాళ్ళ నోటో ఫాంట్లలోది, అదీ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. కొండ మీద నుంచి సవర వాళ్ళు ఎవరైనా కార్డుకి వస్తే, మీ లిపిలోనే వేస్తామని నాన్న చెప్పొచ్చు. మాట మాత్రం వాళ్ళలో చదువుకున్న వాళ్ళతో సరిచూపించుకోవాలి.

పెన్‌డ్రైవ్‌తో పాటు ఒక చిన్న తూనిక యంత్రం కూడా పంపుతున్నాను, గ్రాముల లెక్కలో చూపించేది. నీ ఇత్తడి గిద్ద ఉంది కదా, దానితో బియ్యపు పిండి ఒకసారి, బెల్లం కోరు ఒకసారి, శనగపప్పు ఒకసారి తలకొట్టి పోసి తూచి, నాకు అంకెలు రాసి పంపు. నాలుగు గిద్దలు సోల అని నాకు తెలుసు, కానీ మన ఇంటి గిద్ద ఎంతో నీకే తెలుసు. బూరెల పూర్ణం చేసేటప్పుడు తమ్ముడిని పక్కన నిలబెట్టుకుని, నువ్వు ఏం చేస్తే అది రాయమను. మధ్యలో నాన్నకి మంచినీళ్ళు ఇచ్చినా రాయమను.

మావుసి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకు. బూరెలు చేసిన రోజే వెళ్ళు. ఆవిడ ఏమందో ఆవిడ మాటల్లోనే, ఒడియాలోనే రాసి పంపు.

నీ
బుజ్జి